ఎర్రగుడ్డ కింది కళ్ళు

కో బీతావ్ తన జీవితంలో నాలుగు వందల పడవలకు కళ్ళు వేసింది. అందులో ఒక్కదానికి కూడా చూపు ఇవ్వలేదు. ఈ మాట పైఊరి వాళ్ళకు విడ్డూరంగా ఉంటుంది గానీ, మా చీజిన్ దీవిలో బడికెళ్ళే పిల్లనడిగినా ఇందులో వింత ఏముందంటుంది. కళ్ళు వెయ్యడం వేరు, తెరవడం వేరు.

కళ్ళు లేని పడవ మా దగ్గర నీళ్ళలోకి దిగదు. పడవ ముందుకొనకు అటొకటి ఇటొకటి గుండ్రంగా తెల్లరంగు మూడు పూతలు వేస్తారు. చుట్టూ సన్నగా ఎర్ర అంచు దిద్దుతారు. ఆరగానే రెండు కళ్ళ మీదా ఎర్రగుడ్డ కట్టేస్తారు. పంచాంగం చూసి మంచిరోజు పెట్టుకుని, పోటు నిండుగా వచ్చిన గడియలో ఆ గుడ్డ విప్పి తెలుపు మీద నల్లచుక్క పెడతారు. అప్పుడది పడవ. అంతకు ముందు ఉత్త చెక్క. సరుకులు మోసే పడవైతే చుక్క నడిమధ్య పెడతారు, దారి చూసుకోవాలి గనక. చేపల పడవైతే రెండు వేళ్ళు కిందికి పెడతారు, నీళ్ళలోకి చూడాలి గనక.

ఆ చుక్క పెట్టేది మాత్రం మగవాళ్ళు. కో వారి పడవల షెడ్డులో మొదట బీతావ్ తండ్రి పెట్టేవాడు, ఆయన తర్వాత అన్న జిన్‌షుయి. ఆ గడియలో ఆడవాళ్ళు తాడుకు ఇవతల నిలబడాలి. తాడు మీదుగా చెయ్యి చాచి రంగు గిన్నె అందించడం, పని అయ్యాక కుంచె అందుకుని తుడవడం బీతావ్ వంతు. ముందురోజు తెలుపు మీద పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా తనే పెట్టేది. తండ్రి సరిగ్గా ఆ గుర్తు మీదే చుక్క పెట్టేవాడు. అన్న చెయ్యి వెంట్రుకవాసి పైకి పోయేది. ఒకటా రెండా, పదిహేనేళ్ళు అలా పోతూనే ఉంది. రేవులో కట్టేసి ఉన్న పడవల్లో తండ్రివి ఏవో అన్నవి ఏవో ఆమె దూరం నుంచే చెప్పేసేది. నాన్న పడవలు చేపల కోసం చూస్తుంటాయి, అన్న పడవలు వాన వస్తుందేమోనని చూస్తుంటాయి అని నవ్వేది. అన్న ముందు మాత్రం నోరు మెదిపేది కాదు.

తర్వాత చెక్క పడవలు పోయి ఫైబర్ పడవలు వచ్చాయి. ఫైబర్ పడవలకు కళ్ళు కూడా అంగట్లోనే దొరుకుతున్నాయి, వెనక కాగితం ఊడదీసి అంటించుకునేవి. షెడ్డు మూతపడ్డాక బీతావ్ ఫెర్రీ బల్లలకు రంగులేసింది, రేవు కటకటాలకు రంగులేసింది, కాల్చిన కణవ చేపలు అమ్మే కొట్లకు బోర్డులు రాసింది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. అరవై ఒకటో ఏట కూడా నిచ్చెన ఎక్కిందంటే కింద ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

షెడ్డులో మాత్రం ఒక పడవ మిగిలిపోయింది. తండ్రి చేసిన ఆఖరి పడవ అది. పద్దెనిమిది అడుగుల చేపల పడవ. కళ్ళు తెరవడానికి ముహూర్తం పెట్టుకున్నాక, ఇంకా తొమ్మిది రోజులుందనగా ఆయన పోయాడు. చేసినవాడు పోయిన పడవ తనకు అచ్చిరాదని, చేయించుకున్న మనిషి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. సొంతదారు లేని పడవకు కళ్ళు తెరవకూడదు గనక జిన్‌షుయి చుక్క పెట్టలేదు. అలా ఇరవై నాలుగేళ్ళు రేకుల కింద ఉండిపోయింది. కళ్ళ మీద ఎర్రగుడ్డ వెలిసి గులాబీ రంగుకు తిరిగింది.

ఆ ఏడాది వేసవిలో షెడ్డు స్థలానికి గడువు తీరింది. శరత్కాలం వచ్చేలోగా ఖాళీ చెయ్యమన్నారు. పడవను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బీతావ్ ఉండేది మూడో అంతస్తులో ఒక గది. అన్న ఇంటి ముందు మోటారుసైకిలు పెట్టుకోవడానికే చోటు లేదు. చెక్క బాగానే ఉంది కాబట్టి కోసి ఎవరికైనా బల్లలకిచ్చేద్దామని జిన్‌షుయి తేల్చేశాడు. బీతావ్ వారం రోజులు అతనితో మాట్లాడలేదు. అతను పట్టించుకున్నట్టు కనిపించలేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని వచ్చాడు, జేబుల్లో చేతులు పెట్టుకునే వెళ్ళిపోయాడు.

దారి చూపింది త్సాయ్‌జెన్. బీతావ్ ఇంటి కింద పొద్దుటి ఫలహారాల కొట్టు ఉంది. పెనం మీద వేయించిన ముల్లంగి పిండి ముక్కలకు ఆ కొట్టు పెట్టింది పేరు. ఆ కొట్టావిడ కూతురే త్సాయ్‌జెన్. ఫెర్రీ దాటి అవతలి ఒడ్డున కావ్‌షుంగ్ రేవులో పాత చక్కెర గోదాములను చిత్రప్రదర్శనశాలలుగా మార్చారు కదా, అందులో ఒక దాంట్లో ఆ పిల్లకు ఉద్యోగం. తీరప్రాంతంలో ఉంటున్న కళాకారులకు ఈసారి పిలుపు ఇచ్చారనీ, వయసు పట్టింపు లేదనీ, అయిదుగురిని ఎంచి నెల రోజులు ప్రదర్శిస్తారనీ, నెల ఆఖరున ఆ అయిదుగురిలో ఒకరికి గోదాములో ఒక పెద్ద గది ఏడాది పాటు వాడుకోవడానికి ఇస్తారనీ ముల్లంగి ముక్కలు పొట్లం కడుతూ చెప్పుకొచ్చింది. ఆ గదికి లారీ పట్టే తలుపు ఉందన్న మాట దగ్గర బీతావ్ తినడం ఆపింది.

దరఖాస్తు నింపడానికి ఇద్దరూ షెడ్డులోనే కూర్చున్నారు. అందులో గళ్ళు తక్కువేం కాదు. ఏ కళాశాలలో చదివారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మీ కళ దేని గురించి మాట్లాడుతుంది. నా కళ మాట్లాడదు, నేనే ఎక్కువ మాట్లాడతాను అని రాయమంది బీతావ్. త్సాయ్‌జెన్ అది రాయలేదు. ఇంతకుముందు ప్రదర్శించిన పనులు అనే గడి దగ్గర ఇద్దరూ ఆగారు.

“నాలుగొందల పడవలున్నాయి కదా పిన్నీ. అవన్నీ రాసేద్దామా?”

“వేసింది నేను, తెరిచింది వాళ్ళు. తెరిచినవాళ్ళదే పడవ. నావని ఎలా రాస్తావు? ఖాళీగా వదిలెయ్.”

త్సాయ్‌జెన్ ఆ గడిలో అడ్డంగా గీత గీసింది. నలభై ఏళ్ళ పని ఒక గీతకు సరిపోయిందని ఆ రోజే బీతావ్‌కు మొదటిసారి అనిపించింది.

ఆపైన ఫోటో తీశారు. వెలిసిన గుడ్డ ఫోటోలో మురికిగా పడుతోందని, ఒక్క నిమిషం విప్పుతానంది త్సాయ్‌జెన్. బీతావ్‌కు మనసు చివుక్కుమంది గానీ ఒక్క నిమిషమే కదా అని ఊరుకుంది. ఆ నిమిషంలో పడిన ఫోటోలో పడవ రెండు తెల్లటి బోసి కళ్ళతో నిలబడి ఉంది. అసలు పొరపాటు అక్కడే జరిగింది.

మూడు వారాలకు కబురొచ్చింది. అయిదుగురిలో బీతావ్ ఒకతె. ప్రదర్శనశాల డైరెక్టరు లియావ్ స్వయంగా ఫోన్ చేసి అభినందించాడు. పడవను ఫోటోలో ఉన్నది ఉన్నట్టుగానే తీసుకురావాలనీ, కళ్ళకు అడ్డంగా ఏమీ కట్టొద్దనీ మరీ మరీ చెప్పాడు. వెలుతురు సరిగ్గా పడాలనేమో అనుకుంది ఆమె. పడవను లారీ మీదికెక్కించి సొరంగం దారిన అవతలి ఒడ్డుకు చేర్చారు. పడవై పుట్టి మొదటి ప్రయాణం సముద్రం అడుగు నుంచి చేసింది ఇదొక్కటేనని దీవి అంతా వారం రోజులు నవ్వుకుంది.

ప్రదర్శన మొదలైన రోజు బీతావ్ ఉన్న చొక్కాల్లో రంగు మరకలు లేనిది వెతికి వేసుకుని వెళ్ళింది. పడవ హాలు మధ్యలో చక్రాల బల్ల మీద ఉంది. ముట్టుకోకుండా చుట్టూ ఎర్రతాడు కట్టారు. తాడు పక్కన ఒక అట్ట. అద్దాలు తెచ్చుకోలేదు, చదివి పెట్టమని త్సాయ్‌జెన్‌ను అడిగింది. పిల్ల ఒకసారి చూసి నీళ్ళు నమిలింది. గుడ్డి పడవ అని పేరు. చూపు పోగొట్టుకున్న రేవుకూ సముద్రాన్ని మరిచిపోయిన నగరానికీ ఇది మౌనసాక్షి అట. కళాకారిణి ధైర్యంగా కనుపాపలను నిరాకరించిందట.

బీతావ్‌కు ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నవ్వు నీళ్ళు కావని ఆమెకే ముందు తెలిసింది. తండ్రి పడవను పట్టుకుని గుడ్డిదంటున్నారు. ఇది గుడ్డిది కాదని, ఇంకా పుట్టనిదని, ముహూర్తం కోసం చూస్తోందని, ఈ మాట లియావ్‌కు చెప్పి రమ్మని త్సాయ్‌జెన్‌ను తోసింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్ళి బతిమాలింది. ఎంచిన వాళ్ళందరికీ నచ్చింది ఆ బోసి కళ్ళేనట. గది నీకే ఖాయమని అప్పుడే అనుకుంటున్నారట. పైగా ప్రదర్శనకు పెట్టాక పనిని ఏమాత్రం మార్చినా పోటీలోంచి తీసేస్తారు, నిబంధన ఉంది. ఆఖరి ఆదివారం న్యాయనిర్ణేతలు వచ్చి చూసి వెళ్ళేదాకా ఓర్చుకోమంది. గది రాకపోతే పడవ రంపం కిందికి పోతుంది. బీతావ్ తిరుగు ఫెర్రీ ఎక్కింది.

రెండో వారంలో ఒక వింత మొదలైంది. పొద్దున్నే హాలు తెరిచిన కాసేపటికి పడవ కళ్ళ మీద ఎర్రగుడ్డ కట్టి ఉంటోంది. వాచ్‌మన్ టీ తాగడానికి వెళ్ళి వచ్చేలోపు ఎవరో ఎర్రతాడు దాటి వచ్చి కట్టి పోతున్నారు. మొదటి రోజు వాచ్‌మన్ విప్పి దాచాడు. మర్నాడు మళ్ళీ కట్టారు. మూడో రోజు లియావ్ ముచ్చటపడి, చూసినవాళ్ళు కూడా ఈ కళలో పాలుపంచుకుంటున్నారని అతిథులకు చెప్పుకున్నాడు. ఎనిమిదో రోజుకు వాచ్‌మన్ దగ్గర ఎనిమిది గుడ్డలు పోగుపడ్డాయి, అతని ఓపిక మాత్రం అయిపోయింది.

బీతావ్ వెళ్ళి ఆ గుడ్డలు చూసింది. అవి కో వారి షెడ్డులో మిగిలిన తానులోంచి చింపినవే. అంచున పాత పచ్చరంగు చుక్కలు కూడా ఉన్నాయి. ఆ తాను ఎక్కడుందో తెలిసింది తనకూ అన్నకూ మాత్రమే. ముడి మాత్రం అన్నది కాదు. జిన్‌షుయి ముడి వేస్తే తుఫానులో కూడా ఊడేది కాదు. ఇవి ఒకదాని మీద ఒకటి నాలుగైదు వదులు ముడులు, కొత్తగా బూట్ల తాళ్ళు కట్టుకోవడం నేర్చుకుంటున్న పిల్లలు వేసినట్టు.

మర్నాడు ఆమె మొదటి ఫెర్రీకే ఎక్కింది. కింది అంతస్తులో మోటారుసైకిళ్ళ మధ్య జిన్‌షుయి కూర్చుని ఉన్నాడు, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చేతులు జేబుల్లో. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

“గుడ్డ నువ్వేనా కడుతున్నది?”

“ఏ గుడ్డ?”

“అన్నా.”

అతను నీళ్ళకేసి చూశాడు. “పుట్టకముందే పిల్లని వీధిలో నిలబెట్టావు. వచ్చేవాడు వస్తున్నాడు, పోయేవాడు పోతున్నాడు, అందరూ ఆ బోసి కళ్ళలోకి చూసి పోతున్నారు. నాన్న ఉంటే ఊరుకునేవాడా?”

“కోసి బల్లలు చేద్దామన్నది నువ్వే కదా.”

“కోస్తే ఒక్కసారితో పోతుంది. ఇలా రోజూ చూడలేను.”

ఆమెకు కోపం రావలసిన చోట కోపం రాలేదు. ఆదివారం పోటు పదీ నలభైకని, పంచాంగం కూడా చూశానని, మంచిరోజేనని చెప్పింది. వచ్చి తెరవమంది. జిన్‌షుయి కుడిచెయ్యి జేబులోంచి తీసి ఆమె ముందు పెట్టాడు. ఆ చెయ్యి వణుకుతోంది. ఆపాలని ఎడమచేత్తో పట్టుకున్నాడు. అదీ వణికింది.

“రెండేళ్ళయింది,” అన్నాడు. “అన్నం గిన్నె కూడా సరిగ్గా ఎత్తలేను. చుక్క ఎక్కడ పెడతాను? నువ్వు పెట్టు.”

“నేనా? రేవులో ఏమంటారు?”

“ఎవరున్నారే అనడానికి? పడవ చేసేవాడు ఒక్కడన్నా మిగిలాడా? ఇన్నాళ్ళూ నీ గుర్తు మీద పెట్టడమే కదా నేను చేసింది. అదీ సరిగ్గా పెట్టలేకపోయాను. నా పడవలన్నీ వాన కోసం చూస్తాయని నువ్వనే మాట నాకు తెలియదనుకున్నావా? హోంగ్ ఎప్పుడో చెప్పాడు.”

హోంగ్ అంటే మా దీవిలో అందరికన్నా పాత జాలరి, ఎనభైకి దగ్గరపడ్డాడు. బీతావ్ నాలుక కరుచుకుంది. అన్న మొహం చూస్తే నవ్వుతున్నాడు. అతను నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఫెర్రీ ఒడ్డుకు చేరేదాకా ఆ వణికే చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

శనివారం ఆమె ఎవరితోనూ చెప్పించకుండా తనే లియావ్ గదికి వెళ్ళింది. విషయమంతా చెప్పింది. ఎర్రగుడ్డ ఎందుకో, చుక్క ఎప్పుడు పెడతారో, తండ్రి ఎప్పుడు పోయాడో అన్నీ చెప్పింది. చెడ్డవాడేం కాదు లియావ్. వింటూ వింటూ చేతిలో పెన్ను పక్కన పెట్టేశాడు. అట్ట మీద తను రాసినదంతా గుర్తొచ్చిందేమో, చెవులు ఎర్రబడ్డాయి. కానీ నిబంధన తను ఒక్కడే రాసింది కాదనీ, దాన్ని దాటితే మిగతా నలుగురికీ అన్యాయం చేసినట్టవుతుందనీ అన్నాడు.

“ఒక్క రోజు ఆగండి బీతావ్ గారూ. రేపు మధ్యాహ్నం న్యాయనిర్ణేతలు వచ్చి వెళ్ళిపోతారు. సోమవారం మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి. గది కూడా ఉంటుంది.”

ఆమె ఒప్పుకోవాలనే అనుకుంది. ఒప్పుకోవడానికి నోరు కూడా తెరిచింది. పద్దెనిమిది అడుగుల పడవకు ఏడాది పాటు నీడ దొరుకుతుంది. సోమవారం పోటు వేళ బాగాలేకపోతే మరో మంచిరోజు రాకపోదు. ఆగలేనిదేం లేదు. ఇరవై నాలుగేళ్ళు ఆగిన పడవ.

“అప్పుడు గది గుడ్డి పడవకొస్తుంది,” అంది చివరికి. “నా పడవ గుడ్డిది కాదండీ.”

బయట త్సాయ్‌జెన్ గోడకు ఆనుకుని ఏడ్చింది. బీతావ్ ఆ పిల్లకు ముక్కు తుడిచి, రేపు మీ అమ్మని కూడా తీసుకురా అని చెప్పి ఇంటికి పోయింది.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటల ఫెర్రీలో దీవి సగం ఖాళీ అయింది. ఇంతవరకు ఆ గోదాముల ఛాయకు కూడా పోని జాలరులు చెప్పులు బయట విడవాలా లోపల విడవాలా అని వాచ్‌మన్‌ను అడిగారు. పడవ గోడవైపు తిరిగి ఉంది. కళ్ళు తెరిచే పడవ నీళ్ళవైపు ఉండాలి. హాలుకు రేవు వైపు పెద్ద ఇనుప తలుపుంది గానీ, లోపలి చల్లదనం పోతుందని ప్రదర్శనలప్పుడు దాన్ని తియ్యరు. వాచ్‌మన్ లియావ్ మొహంలోకి చూశాడు. లియావ్ తల ఊపాడు. తలుపు గరగరమంటూ పైకి లేచింది. ఉప్పుగాలి, డీజిలు వాసన, ఎండ ఒక్కసారిగా లోపలికొచ్చాయి. ఆరుగురు ముసలివాళ్ళు చక్రాల బల్లను తిప్పి పడవ మూతిని నీళ్ళకెదురుగా నిలబెట్టారు.

సొంతదారు లేని పడవ కళ్ళు తెరవకూడదు కదా అని ఎవరో గొణిగారు. అప్పుడు హోంగ్ ముందుకొచ్చాడు. తన ఫైబర్ పడవను మనవడికిచ్చేశానని, ఈ పడవ తనదేనని, చెయ్యి పైకెత్తి అందరికీ వినపడేలా చెప్పాడు. బీతావ్‌తో కూడా ముందు అనలేదా మాట. పొద్దున ఫెర్రీలోనే నిర్ణయించుకున్నాడట.

అప్పుడు అందరూ ఎర్రతాడుకు ఇవతల నిలబడ్డారు. ప్రదర్శనశాల వాళ్ళు పడవను ముట్టుకోకుండా కట్టిన తాడే అది. మగవాళ్ళందరూ ఇవతల, బీతావ్ ఒక్కతీ అవతల. ముందురోజు సాయంత్రం తనే కట్టిన, వాచ్‌మన్ ఈసారి ఊడదీయని ఎర్రగుడ్డను ఆమె విప్పింది. గుడ్డ కట్టేముందు ఎవరూ చూడకుండా పెట్టిన పెన్సిల్ గుర్తులు తెలుపు మీద సన్నగా కనిపించాయి. గిన్నె కోసం వెనక్కి చెయ్యి చాచింది. నలభై ఏళ్ళు తను అందించిన గిన్నె. జిన్‌షుయి దాన్ని రెండు చేతులా పట్టుకుని తాడు మీదుగా అందించాడు. చేతులు వణికి నల్లరంగు రెండు బొట్లు తాడు మీద పడ్డాయి.

ఆమె ముందు ఎడమ కంటికి పెట్టింది, తర్వాత కుడి కంటికి. రెండూ గుర్తు మీదే, రెండు వేళ్ళు కిందికి. కుంచె వెనక్కి ఇచ్చింది. అన్న అందుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అప్పటికే శుభ్రమైపోయినా తుడుస్తూనే ఉన్నాడు. లోపల టపాసులు కాల్చకూడదన్నారు గనక హోంగ్ తన ఫోన్‌లో టపాసుల చప్పుడు పెట్టాడు. మధ్యలో ఎవరో అతనికి ఫోన్ చెయ్యడంతో అది ఆగిపోయింది. అందరూ నవ్వారు. బీతావ్ నవ్వలేదు, తండ్రి పడవ మూతికి నుదురు ఆనించి పెద్దగా ఏడ్చింది.

గది ఆమెకు రాలేదు. నిబంధన నిబంధనే. గవ్వలతో తెరలు అల్లే ఒక అమ్మాయికి ఇచ్చారు, అదీ మంచి పనే. లియావ్ మాత్రం ఆ సాయంత్రమే అట్ట ఊడదీసి, ఏం రాయమంటారని బీతావ్‌ను అడిగాడు. ఆమె చెప్పినట్టే రాయించాడు. చేపల పడవ, ఆదివారం పదీ నలభైకి కళ్ళు తెరిచింది. ప్రదర్శన ముగిసేదాకా రేవు వైపు తలుపు తెరిచే ఉంచారు. ఆ వారం వచ్చినంతమంది ఆ హాలుకు అంతకు ముందెన్నడూ రాలేదని త్సాయ్‌జెన్ అంటుంది. పిల్ల మాట, కొంచెం తగ్గించుకుని వినాలి.

కళ్ళు తెరిచిన పడవకు గదితో పనేముంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని చెక్కల సందుల్లో నార దూర్చి, నూనె సున్నం కలిపిన ముద్ద పూశారు. నార పేనడం ఆమె పని, ముద్ద పిసకడం అతని పని. పిసకడానికి చెయ్యి వణికినా ఫరవాలేదు. రేవులోనే దించారు. ఇరవై నాలుగేళ్ళు ఎండిన చెక్క, మూడు రోజులు అంచులదాకా నీళ్ళలో మునిగింది. జిన్‌షుయి మూడు రోజులూ గట్టు మీద నుంచి లేవలేదు. చెక్క ఉబ్బి సందులు పూడాక, నాలుగో రోజు నీళ్ళు తోడేస్తే తేలింది. హోంగ్ దాన్ని తనే నడుపుకుంటూ ఓడరేవు దాటించి చీజిన్‌కు తీసుకుపోయాడు. అట్నుంచి సముద్రం అడుగున వచ్చిన పడవ ఇటు నీళ్ళ మీదే ఇల్లు చేరింది.

పదిహేను రోజులకు ఒక ఫైబర్ పడవ సొంతదారు వచ్చి, అంటించిన కళ్ళు ఊడిపోతున్నాయి, చేత్తో వేసిపెడతావా అని అడిగాడు. తెరిచేది కూడా నేనే అంది బీతావ్. ఇంకెవరు తెరుస్తారు అన్నాడతను, అదేదో ఎప్పటినుంచో ఉన్న ఆచారమైనట్టు.

మళ్ళీ వేసవిలో త్సాయ్‌జెన్ కొత్త దరఖాస్తు పట్టుకుని వచ్చింది. అవే గళ్ళు. హోంగ్ పడవ కట్టే జెట్టీ మీద కూర్చున్నారు ముగ్గురూ, జిన్‌షుయి కాస్త ఎడంగా. ఇంతకుముందు ప్రదర్శించిన పనులు అన్న గడి దగ్గరకు రాగానే బీతావ్ ఆ పిల్ల చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఈసారి అద్దాలు తెచ్చుకుంది. నెమ్మదిగా, బోర్డులు రాసే పెద్ద అక్షరాలతో రాసుకుంటూ పోయింది.

ఒకటి. హోంగ్ పడవ, తూర్పు జెట్టీ. పొద్దున్నే వేటకు పోతుంది. మధ్యాహ్నానికి వస్తుంది, చూడాలంటే అప్పుడు రండి. రెండు. తెల్ల ఫైబర్ పడవ, ఐస్ ఫ్యాక్టరీ వెనక. మూడు. దాని సొంతదారు తమ్ముడిది, పక్కనే.

పదకొండుకు చేరేసరికి గడి నిండిపోయి రాత అంచు దాటింది. జిన్‌షుయి లేచి వచ్చి భుజం మీదుగా చూశాడు. ఇంకో కాగితం అంటించమని త్సాయ్‌జెన్‌కు చెప్పి, జేబులోంచి చెయ్యి తీసి, గాలికి ఎగరకుండా ఆ దరఖాస్తు మూల పట్టుకున్నాడు. కాగితం అతని చేతితో పాటే కాస్త వణికింది. బీతావ్ పన్నెండోది రాయడం మొదలుపెట్టింది.